కాలువ లెక్కలు – సూత్రముల చరిత్ర

నాగార్జునసాగరమునుండి బయలుదేరు ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల పొలములకు నీరందించుచున్నది. సూర్యాపేట చెంత సోలిపేటవద్ద 1963లో పూర్తియైన మూసీ ప్రాజెక్టు మరికొన్ని పొలములను తడుపుచున్నది. కాలువకు ఎంత వెడల్పు, ఎంత లోతు, ఎంత వాలు ఉండవలెనో తవ్వకమునకు ముందే కాగితముపై లెక్కింతురు. అందుకు ఆధారము పూర్వులు స్థాపించిన సూత్రములే. ఇంజనీరు ప్రతిసారి కొత్త సూత్రమును కనిపెట్టడు, ఉన్నదానిని వాడును. అయితే ఆ సూత్రము ఎవరిదో, ఎచ్చట పుట్టినదో చెప్పవలసిన అవసరమేమి?

కాలువలో నీటి వేగము వాలు యొక్క వర్గమూలము ననుసరించి మారునని 18వ శతాబ్దమున ఫ్రాన్సు ఇంజనీరు షెజీ కనుగొనెను. 1889లో ఐర్లండు ఇంజనీరు రాబర్ట్ మానింగ్ ఒక సూత్రమును సభ ముందుంచెను. నేడు లోకమంతట వాడబడునది మానింగ్ పేరిటి సూత్రమే. కాని అదే రూపమును 1867లోనే ఫ్రాన్సులో గోక్లేర్ ప్రకటించియుండెను. మూలమును వెదకి పేర్కొననిచో ఒకరి కృషి మరియొకరి పేర నిలిచిపోవునని దీనివలన తెలియుచున్నది.

పేరుకంటె ముఖ్యమైనది గుణకము. కాలువ అడ్డుకోతలో నీటి వైశాల్యమును తడిసిన చుట్టుకొలతతో భాగించగా వచ్చునది జలవ్యాసార్ధము. దాని 2/3 ఘాతమును వాలు యొక్క వర్గమూలముతో గుణించి, గరుకుదన గుణకముతో భాగించినచో వేగము వచ్చును. జలవ్యాసార్ధము 1 మీటరు, వాలు 10,000కు 1 అనుకొందము. శుభ్రమైన మట్టికాలువకు గుణకము 0.020 అయినచో వేగము సెకనుకు 0.5 మీటరు. కలుపు పెరిగి గుణకము 0.025 అయినచో 0.4 మీటరే. సూత్రము ఒక్కటే, కాలువ ఒక్కటే. వేగములో అయిదవవంతు తగ్గినది. కాలువ చివరి రైతుకు నీరు చేరునా చేరదా అను ప్రశ్న ఇచ్చటనే పుట్టును. గుణకము వ్రాయని లెక్కను మరియొకరు సరిచూడలేరు.

ప్రమాణములును అట్టివే. పై సూత్రము మీటర్లకు చెందినది. అడుగులలో లెక్కించునపుడు 1.486తో గుణింపవలెను, మరచినచో వేగము నిజమునకు మూడింట రెండువంతులుగా మాత్రమే కనిపించును. నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగెను. దేశమున మెట్రిక్ పద్ధతి 1958లో మొదలయ్యెను. కాలువలకు నీరు 1967లో విడువబడెను. అనగా అడుగులు, మీటర్లు రెండును వ్యవహారములోనుండిన కాలమున ఆ పని సాగినది.

పుట్టిన చోటును మరువరాదు. ఒండ్రు పేరుకొనక, గట్టు కోసుకొనక నీరు పారవలసిన వేగమునకు 1895లో కెనెడీ ఇచ్చిన సూత్రము పంజాబు కాలువలను పరిశీలించి కట్టినది. ఒండ్రు వేరైన చోట మరియొక గుణకమును చేర్చవలెను. వరద లెక్కలకు 1884లో రైవ్స్ మద్రాసు ప్రాంతమునకు ఒక సూత్రమిచ్చెను. హైదరాబాదు రాష్ట్ర ప్రధాన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరిటి సూత్రము దక్కను నదులకు ఏర్పడినది. సముద్రతీరపు గుణకముతో దక్కను వాగును కొలిచినచో వంతెన, అలుగు రెండును ప్రమాదములో పడవచ్చును.

కనుక ప్రయోగశాల పుస్తకములో లెక్క వ్రాయు విద్యార్థి సూత్రము పేరు, దాని మూలము, గుణకపు విలువ, ప్రమాణములు, వర్తించు పరిధి అను అయిదింటిని వ్రాయుట అలవరచుకొనవలెను. జవాబు తప్పైనను, తప్పు ఎచ్చటనున్నదో ఇతరులు కనుగొనగలుగుదురు. విజ్ఞానము ముందుకు సాగినది ఆ సరిచూపువలననే.