సి2482 ఇంటిపేరు

మన సంఘం గ్రంథాలయ గదిలో ఉన్న పాత కంప్యూటర్ మానిటర్, అదే వెనక పెద్ద పిక్చర్ ట్యూబు ఉండే రకం, ఆగిపోయింది గదా. పాత ఇనుముకి వేసేయమన్నవాళ్లే ఎక్కువ. రిటైరైన రైల్వే గుమాస్తాకి పొద్దు పోవాలి గనక నేను ఇంటికి మోసుకొచ్చాను. ముందే ఒక మాట: ఆ ట్యూబు దగ్గర ఇరవై వేల వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు పీకినా కొంతసేపు నిలిచే ఉంటుంది. తెలియనివాళ్లు మూత విప్పవద్దు.

లోపల ఒక మూడు కాళ్ల నల్లటి ముక్క పగిలి ఉంది. దాని మీద చదవడానికి మిగిలింది సి2482. సి అంటే కెపాసిటర్ గదా అనుకున్నాను. కానీ బోర్డు మీద దాని పక్కన క్యూ అని అచ్చయి ఉంది. బోర్డు మీది అక్షరం ఆ చోటుకి పేరు: సి కెపాసిటర్‌కి, ఆర్ రెసిస్టర్‌కి, క్యూ ట్రాన్సిస్టర్‌కి. ముక్క మీద ఉన్నది ముక్క సొంత పేరు. రెండూ కలపకూడదు.

ఆ సొంత పేరు కూడా సగమే. జపాను వాళ్ల పద్ధతిలో పూర్తి పేరు 2ఎస్‌సి2482. కాళ్ల లెక్కలో ఒకటి తగ్గిస్తే మొదటి అంకె: ట్రాన్సిస్టర్‌కి 2, డయోడ్‌కి 1. ఎస్ అంటే సెమీకండక్టర్. తర్వాత ఏ, బీ అయితే పీఎన్‌పీ, సీ, డీ అయితే ఎన్‌పీఎన్. చిన్న ఒంటి మీద చోటు చాలక ముందున్న '2ఎస్' రాయడం మానేశారు.

అమెరికా వాళ్లది వేరే దారి: డయోడ్ 1ఎన్, ట్రాన్సిస్టర్ 2ఎన్, ఆపైన వట్టి వరస నంబరు. యూరప్‌లో 1966లో ప్రో ఎలక్ట్రాన్ అనే సంస్థ పెట్టి అక్షరాలకే అర్థం ఇచ్చారు. పాత టీవీల్లో కనబడే బీయూ508లో బీ అంటే సిలికాన్, యూ అంటే పెద్ద పవర్ స్విచ్చింగు పని. మన డబ్ల్యూడీఎమ్-2 ఇంజను లాగే: డబ్ల్యూ బ్రాడ్ గేజి, డీ డీజిల్, ఎమ్ ప్యాసింజరుకీ గూడ్సుకీ రెంటికీ. ఇది చదివిన రోజు నాకు భలే సంతోషం వేసింది.

ఊరు తెలియకపోతే ఏమవుతుందో ఒకసారి అనుభవించాను. చాలా ఏళ్ల కిందట ఇంట్లో టేప్ రికార్డర్‌లో సి945 పోతే, చూడ్డానికి ఒకటేనని బీసీ547 అతికించాను. రెండూ ఎన్‌పీఎన్, ఒకే సైజు. కానీ జపాను ముక్కకి నడిమి కాలు కలెక్టర్, యూరప్ ముక్కకి నడిమి కాలు బేస్. పాట రాలేదు, పొగ వచ్చింది.

ఈసారి పూర్తి పేరు పట్టుకుని వివరాలు చూశాను. 2482 మూడు వందల వోల్టులు తట్టుకునేది, తెర మీద అడ్డగీతలు గీసే పెద్ద ట్రాన్సిస్టర్‌ని తోలే చిన్నది. సి945 తట్టుకునేది యాభై. అక్షరం ఒకటే అని దాన్ని పెట్టి ఉంటే మళ్లీ పొగే. రిచీ స్ట్రీట్‌లో అసలుదే దొరికింది. పక్కన మాడిన రెసిస్టర్ కూడా మార్చాను. తెర వెలిగింది.

ఈ '2ఎస్' సంగతి నన్ను వదల్లేదు. నేను చదివింది తమిళ మీడియం. బళ్లో చేర్చినప్పుడు నాన్న పేరులో మొదటి అక్షరం నాకు ఇనిషియల్ అయింది, ఇంటిపేరు రాలిపోయింది. సర్వీసు పుస్తకంలోనూ అంతే. మా తమ్ముడికి సంబంధం చూసినప్పుడు తాంబూలాల దాకా వచ్చాక, మా అవ్వ వాళ్ల పెద్దాయన్ని "మీ ఇంటిపేరు ఏమిటి నాయనా" అని అడిగింది. ఆయన చెప్పింది మాదే. ఇద్దరి కాగితాల్లోనూ ఆ పేరు ఎక్కడా లేదు. ఆ రోజు అవ్వ లేకపోతే?

మన సంఘం సభ్యుల జాబితా ఈ కంప్యూటర్‌లోనే ఉంది. మానిటర్ వెలిగాక తెరిచి చూశాను. ఇనిషియల్‌కి గడి ఉంది, ఇంటిపేరుకి లేదు. ఒక గడి కలపమని కార్యదర్శికి చెప్పాను. ఇంట్లో అవ్వలు, తాతలు ఉన్నవాళ్లు ఈ వారంలోనే అడిగి రాసి ఉంచండి.