రెండు ‘కాదు’ల మధ్య ఒక ‘అవును’

జానెట్ రాంకిన్ పేరు విన్నవాళ్ళు ఆమె గురించి సాధారణంగా ఒక్క వాక్యం చెప్తారు: అమెరికా రెండు ప్రపంచయుద్ధాల్లోకి దిగినప్పుడూ వద్దని ఓటేసిన ఒకే ఒక్క కాంగ్రెస్ సభ్యురాలు. వాక్యం నిజమే, క్విజ్ పోటీకి సరిపోతుంది. కానీ ఆమె వేసిన ఓట్లు తేదీల వరసలో చూసుకుంటూ పోతే, ఆ రెండు ‘కాదు’లకీ మధ్య, 1917 డిసెంబరులో, ఒక ‘అవును’ తగులుతుంది. అదీ యుద్ధం మీదే. నాకు ఆవిడ మీద ఆసక్తి అక్కడ మొదలయింది.

ఉద్యోగరీత్యా లాగ్ ఫైళ్ళు చదవడం నాకు అలవాటు. ఎవరేం చేద్దామనుకున్నారో అందులో ఉండదు, ఏ నిముషాన ఏం జరిగిందో ఉంటుంది. అమెరికా కాంగ్రెస్‌లో రోల్ కాల్ నమోదు అలాంటిదే. మన చట్టసభల్లో ఎక్కువ బిల్లులు మూజువాణి ఓటుతో గడిచిపోతాయి, ఎవరైనా డివిజన్ అడిగితేనే పేర్లు రికార్డుకెక్కుతాయి. 1985లో పదో షెడ్యూలు వచ్చాక, విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు కాబట్టి, అలా రికార్డయిన ఓటు కూడా చాలావరకు పార్టీదే, మనిషిది కాదు. మా ఎమ్మెల్యే ఏ బిల్లుకి ఎటు చెయ్యెత్తాడో చెప్పగలిగినవాడు మా ఊళ్ళో ఒక్కడూ లేడు. పెళ్ళిళ్ళకి వచ్చాడా లేదా అన్నది మాత్రం అందరికీ గుర్తే. అలాంటి చోటి నుంచి వచ్చినవాడికి, వందేళ్ళ కిందటి ఒక మనిషి ఓట్లన్నీ పేరుతో సహా దొరకడమే పెద్ద విశేషం.

రాంకిన్ 1880లో మోంటానాలో పుట్టింది. ఆ రాష్ట్రంలో ఆడవాళ్ళకి 1914లో ఓటుహక్కు వచ్చింది, ఆ ఉద్యమంలో ఆమె ముందు నిలబడింది. రెండేళ్ళకే, 1916లో, రిపబ్లికన్‌గా ప్రతినిధుల సభకి పోటీ చేసి గెలిచింది. అమెరికా కాంగ్రెస్‌లోకి అడుగుపెట్టిన మొదటి మహిళ. దేశమంతటా ఆడవాళ్ళకి ఓటు రావడానికి ఇంకా నాలుగేళ్ళుంది.

ఆ గెలుపు ఎలా వచ్చిందన్నది ముఖ్యం. అప్పట్లో మోంటానాకి రెండు సీట్లు, కానీ రాష్ట్రమంతా కలిపి ఒకటే నియోజకవర్గం. మొదటి రెండు స్థానాల్లో వచ్చినవాళ్ళు గెలిచినట్టు. (1952లో మన నల్లగొండ లోక్‌సభ స్థానం కూడా ఇద్దరు సభ్యులదే, అయితే అక్కడ ఒక సీటు రిజర్వుడు.) రాంకిన్ రెండో స్థానంలో వచ్చింది. అంటే రాష్ట్రంలో ఏ మూలనున్న ఓటయినా ఆమెకి పనికొచ్చింది. ఇది గుర్తుంచుకుందాం.

1917 ఏప్రిల్ 2న ఆమె ప్రమాణస్వీకారం చేసింది. అదే రోజు అధ్యక్షుడు విల్సన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించమని కాంగ్రెస్‌ని అడిగాడు. కొత్త ఉద్యోగంలో మొదటివారమే ఇలాంటి పని! అన్న మాట కాదు, తమ్ముడు వెల్లింగ్టన్ మాట - ఎన్నికల ఖర్చూ నడిపింపూ అతనిదే - యుద్ధానికి ఒప్పుకొమ్మనే. ఏప్రిల్ 6 తెల్లవారుజామున ఓటింగ్. మొదటిసారి పేరు పిలిస్తే పలకలేదు. రెండోసారి లేచి, దేశం వెంట నిలబడాలనే ఉంది గానీ యుద్ధానికి ఓటు వెయ్యలేనని చెప్పింది. 373 మంది అవునన్నారు, 50 మంది కాదన్నారు. ఆ యాభైలో నలభైతొమ్మిది మంది మగవాళ్ళు. పత్రికలు మాత్రం ఒక్కామె గురించే రాశాయి, ఏడ్చిందని కూడా రాశాయి.

ఇక డిసెంబరు. ఆస్ట్రియా-హంగరీ మీద యుద్ధప్రకటన సభ ముందుకొచ్చింది. ఈసారి కాదన్నది న్యూయార్క్ సోషలిస్టు మేయర్ లండన్ ఒక్కడే. రాంకిన్ అవునంది. యుద్ధం తెలివితక్కువ పని అన్న తన అభిప్రాయం మారలేదనీ, ఇది కొత్త యుద్ధం కాదు, మొదలైన యుద్ధంలో ఒక సాంకేతిక వ్యవహారమనీ, డబ్బుకీ మనుషులకీ ఓటేసినట్టే దీనికీ వేస్తున్నాననీ సభలో చెప్పింది.

దీన్ని ఆమె జీవితంలో ఒక మచ్చలా దాటేసేవాళ్ళున్నారు. నాకు అలా అనిపించదు. అప్పటికే మోంటానా కుర్రాళ్ళు సైన్యంలో ఉన్నారు. వాళ్ళని పంపొద్దన్నది ఒక ప్రశ్న, పంపాక వాళ్ళకి తుపాకీ ఇవ్వాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. రెండింటికీ ఒకే జవాబు చెప్పడం సులువు, వినడానికి గొప్పగానూ ఉంటుంది. మరుసటి ఏడాది సెనేట్ పోటీ ఆమె మనసులో లేదని నేననను, రాజకీయాల్లో ఉన్న మనిషికి లెక్కలుంటాయి. కానీ లెక్క ఉన్నంత మాత్రాన తర్కం తప్పయిపోదు కదా.

1918లో ఏమైంది? యుద్ధం వద్దంది కాబట్టి జనం ఓడించారు అని కథ. కొంత నిజం. అయితే అదే ఏప్రిల్లో కాదన్నవాళ్ళలో డెమోక్రాట్ల సభానాయకుడు క్లాడ్ కిచిన్ కూడా ఉన్నాడు, అతను నార్త్ కరొలైనా నుంచి మళ్ళీ హాయిగా గెలిచాడు. రాంకిన్‌కి కలిసిరానివి ఇంకా ఉన్నాయి. 1917 జూన్‌లో బ్యూట్ పట్టణంలో స్పెక్యులేటర్ గనిలో మంటలు రేగి నూటఅరవై మందికి పైగా చనిపోయారు. కార్మికులు సమ్మెకి దిగితే ఆమె వాళ్ళ పక్కన నిలిచింది. రాష్ట్రాన్ని శాసించే అనకొండా రాగి కంపెనీకి అది మింగుడుపడని విషయం. దానికితోడు, 1918 ఎన్నికలకి మోంటానాని రెండు జిల్లాలుగా విడగొట్టారు. ఆమె ఇల్లున్న పడమటి జిల్లా డెమోక్రాట్ల బలమున్న చోటు. రాష్ట్రమంతటి ఓటూ కావాలంటే సెనేటే గతి. రిపబ్లికన్ ప్రైమరీలో రెండు వేల లోపు తేడాతో ఓడింది. తర్వాత నేషనల్ పార్టీ తరఫున నిలబడి మూడో స్థానంలో వచ్చింది. మనిషిని ఓడించడానికి మ్యాపు మీద ఒక గీత చాలునని మన దగ్గర డీలిమిటేషన్ చూసినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇరవైరెండేళ్ళ తర్వాత, 1940లో, అరవయ్యేళ్ళ వయసులో, ఆ పడమటి జిల్లా నుంచే గెలిచి తిరిగొచ్చింది. మీ పిల్లల్ని విదేశీయుద్ధాలకి పంపనని చెప్పి మరీ గెలిచింది. 1941 డిసెంబరు 8, పెర్ల్ హార్బర్ మరుసటి రోజు. మాట్లాడతానని లేస్తే స్పీకర్ శామ్ రేబర్న్ అవకాశం ఇవ్వలేదు. ఓట్లు 388, 1. ఆడదాన్ని కాబట్టి నేను యుద్ధానికి వెళ్ళలేను, ఇంకెవర్నీ పంపను అంది. బయట జనం మీదకి వస్తే టెలిఫోన్ బూత్‌లో దూరి పోలీసుల్ని పిలవాల్సొచ్చింది.

మూడు రోజుల తర్వాత జర్మనీ, ఇటలీల మీద ఓటింగ్. ఆమె ‘హాజరు’ అని మాత్రమే చెప్పింది. అవునూ కాదు, కాదూ కాదు. 1917 డిసెంబరు తర్కమే పట్టుకుంటే యుద్ధం అప్పటికే మొదలైంది కాబట్టి అవుననాలి. ఈసారి ఆ మాట నోటికి రాలేదు.

నేనా సభలో ఉంటే 8న అవుననేవాణ్ణి, దానిమీద నాకు సందేహం లేదు. సరిగ్గా ఏడాది తర్వాత, 1942 డిసెంబరులో, జపాన్‌ని రూజ్వెల్టే రెచ్చగొట్టాడన్న ధోరణిలో ఆమె కాంగ్రెస్ రికార్డులో పెట్టిన వాదన కూడా నన్ను ఒప్పించదు. అది తన ఓటుకి తర్వాత వెతుక్కున్న సాక్ష్యంలా ఉంటుంది. 8న సభలో అన్న ఒక్క ముక్కే అంతకన్నా బలమైనది. అయినా సరే, ఆ 388 పక్కన ఆ 1 ఉండటం వల్లే మిగతా 388 మందీ నిజంగా ఓటు వేశారని నాకు నమ్మకం కుదురుతుంది.

ఆ ‘1’కి ప్రతిచోటా ఒకే ధర ఉండదు. 2001 సెప్టెంబరు 14న బలప్రయోగానికి అనుమతిస్తూ సభ 420–1తో తీర్మానించినప్పుడు ఆ ఒక్క ఓటు ఓక్లండ్ ప్రతినిధి బార్బరా లీది. బెదిరింపులు చాలా వచ్చాయి, కానీ 2002లో ఆమె నియోజకవర్గం ఆమెనే గెలిపించింది. మోంటానా ఓక్లండ్ కాదు. రాంకిన్ 1942లో పోటీయే చెయ్యలేదు.

ఖాళీ అయిన ఆ సీటులోకి డెమోక్రాట్ మైక్ మాన్స్‌ఫీల్డ్ వచ్చాడు. తర్వాత సెనేట్‌కి వెళ్ళి మెజారిటీ నాయకుడయ్యాడు. 1964 ఆగస్టులో వియత్నాం యుద్ధానికి దారి తీసిన టాంకిన్ సింధుశాఖ తీర్మానం ప్రతినిధుల సభలో 416–0తో, సెనేట్‌లో 88–2తో గెలిచింది. ఆ యుద్ధం మీద లోలోపల ఎన్నో అనుమానాలున్న మాన్స్‌ఫీల్డ్ ఆ 88లో ఒకడు. 1968 జనవరి 15న, తన పేరే పెట్టుకున్న దళంలో వేలమంది ఆడవాళ్ళు వెంట రాగా, ఎనభైయేడేళ్ళ రాంకిన్ వాషింగ్టన్ మంచులో కాపిటల్ వైపు నడిచింది. లోపలికి కొద్దిమందినే రానిచ్చారు. వియత్నాం నుంచి సైన్యాన్ని వెనక్కి పిలవమన్న అర్జీతో ఆమె లోపల కలిసినవాళ్ళలో మాన్స్‌ఫీల్డ్ ఒకడు.