లిడ్నీ ఆలయం: కంచు చేయి చెప్పేది, చెప్పనిది

ఇంగ్లండ్ పశ్చిమ భాగంలో, గ్లాస్టర్‌షైర్‌లోని లిడ్నీ పార్క్‌లో, సెవర్న్ నది సముద్రాన్ని చేరే చోటును చూస్తూ ఒక కొండకొన ఉంది. దాని మీద రోమన్ల కాలపు ఆలయం పునాదులు నేటికీ కనిపిస్తాయి. ఇది నోడెన్స్ అనే స్థానిక కెల్టిక్ దేవుని గుడి. గుడి పక్కనే స్నానశాల, యాత్రికుల వసతిగృహం, వరుస గదులున్న ఒక పొడవైన కట్టడం బయటపడ్డాయి. రోగులు స్వస్థత కోరి వచ్చిన క్షేత్రంగా దీనికి పేరు. ఆ పేరు ఏ ఆధారాల మీద నిలిచిందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మార్టిమర్ వీలర్, టెస్సా వీలర్ దంపతులు 1928-29లో ఇక్కడ తవ్వకాలు జరిపారు. 1932లో వెలువడిన వారి నివేదికకు, నోడెన్స్ అనే పేరు వ్యుత్పత్తి గురించి అనుబంధం రాసినవాడు జె. ఆర్. ఆర్. టోల్కీన్. వారి తవ్వకాల్లోనూ, అంతకు ముందూ దొరికిన వస్తువుల్లో కుక్క బొమ్మలు అనేకం. గ్రీకుల వైద్యదేవత అస్క్లేపియస్ ఆలయాల్లో కుక్కలు పుండ్లను నాకి మాన్పుతాయని నమ్మేవారు. పొట్ట మీద చేతులుంచుకున్న స్త్రీ రూపం చెక్కిన ఎముక ఫలకం ఒకటి దొరికింది. మరొకటి చిన్న కంచు ముంజేయి. కంటిజబ్బు తగ్గితే దేవునికి వెండి కళ్ళు సమర్పించే మొక్కు తెలిసిన మనకు, ఆ చేయి ఎందుకక్కడ ఉన్నదో వేరే చెప్పనక్కరలేదు.

వైద్యులను ఎక్కువగా ఆకర్షించింది ఈ చేయే. దాని గోళ్ళు మధ్యలో గుంటపడి చెంచాల్లా ఉన్నాయని, అది ఇనుము లోపం వల్ల వచ్చిన రక్తహీనతకు గుర్తు అని కొందరు రాశారు. ఆలయమున్న కొండలోనే రోమన్ల కాలపు ఇనుపగని ఉంది. ఇనుము కలిసిన నీరు తాగి రోగులు కోలుకొని ఉంటారనే కథ అక్కడి నుంచి సులభంగా అల్లుకుంటుంది.

కథ అందమైనదే, కాని రోగనిర్ణయానికి చాలదు. చెంచా గోళ్ళు ఇనుము లోపంలోనే కాదు, గోటికి పదేపదే దెబ్బ తగిలినా వస్తాయి. పసిపిల్లల్లో సహజంగానూ ఉంటాయి. శరీరంలో ఇనుము అధికంగా చేరే హీమోక్రొమటోసిస్‌లోనూ కనిపిస్తాయి. పైగా మన ముందున్నది రోగి చేయి కాదు, ఒక కంచరి పోతపోసిన చేయి. శిల్పి పనితనానికీ, రోగలక్షణానికీ మధ్య గీత గీయడానికి ఒక్క బొమ్మ సరిపోదు.

ఆలయ కాలనిర్ణయం విషయంలోనూ ఇదే జరిగింది. నేల కింద దొరికిన నాణేలను బట్టి వీలర్ ఈ గుడి క్రీ.శ. 364 తర్వాత కట్టినదన్నాడు. జూలియన్ చక్రవర్తి (361-363) పాత దేవతల ఆరాధనను పునరుద్ధరించబూనిన వెంటనే వచ్చిన కాలమది. కాబట్టి ఆ ఊహ చక్కగా అతికింది. 1980-81లో తిరిగి తవ్వినవారు మాత్రం ఆ నాణేలు తరువాతి మార్పుల నాటివని, గుడి మూడవ శతాబ్ది ఉత్తరార్ధానిదని వాదించారు. వరుస గదులు రోగులు నిద్రించి స్వప్నంలో దైవదర్శనం పొందిన చోటన్నదీ గ్రీకు ఆలయాల పోలికతో చేసిన ఊహే.

ఇది వీలర్‌ను తక్కువ చేయడం కాదు. 1944లో భారత పురావస్తు శాఖకు అధిపతిగా వచ్చి, పొరలను లెక్కగట్టి తవ్వే క్రమశిక్షణను మనవారికి నేర్పినవాడాయన. 1945లో పుదుచ్చేరి సమీపాన అరికమేడులో ఇటలీ మట్టిపాత్రల ఆధారంగా ఆయన నిర్ణయించిన కాలాన్ని కూడా 1989-92 తవ్వకాలు సవరించాయి. తవ్విన పొరలను జాగ్రత్తగా నమోదు చేసినందువల్లనే తరువాతివారు సరిదిద్దగలిగారు.

మరి వైద్యానికి గట్టి ఆధారం ఏమీ లేదా? ఉంది. లిడ్నీలోనే దొరికిన ఒక చిన్న రాతి ముద్ర మీద జూలియస్ జుకుండస్ అనే కంటివైద్యుని పేరు, అతని లేపనం పేర్కొని ఉన్నాయి. రోమన్ వైద్యులు గట్టిపరచిన కంటిమందు కడ్డీల మీద ఇలాంటి ముద్రలు వేసేవారు. ఇక్కడ ఊహించవలసిన పని లేదు. మందు సంగతి అక్షరాల్లోనే ఉంది.

కంచు చేయి సమర్పించిన వ్యక్తి రోగమేమిటో మనకు అంతుచిక్కదు. కాని మొక్కు చెల్లించే చోటికే కంటిమందూ చేరిందని ఆ ముద్ర చెబుతోంది. మొక్కుకూ మందుకూ మధ్య ఒకదాన్నే ఎంచుకోవాలని ఆనాటి రోగి అనుకొని ఉండడు. ఈనాడు ఆస్పత్రి వార్డులో తలగడ కింద విభూతి పొట్లం పెట్టుకొని, వేళకు మాత్రలు వేసుకునేవారూ అనుకోరు.