ఇంటి నంబర్ల మధ్య గీత: గ్రామ వార్డుల విభజనలో అభ్యంతరానికి ఉన్న బలం

పంచాయతీ ఆఫీసు నోటీసు బోర్డుకు అంటించిన వార్డుల ముసాయిదాను ఆగి చదివేవాళ్లు తక్కువ. అందులో కనిపించేవన్నీ ఇంటి నంబర్లే. ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు దాకా ఒకటో వార్డు, అక్కడి నుంచి రెండోది. కానీ ఆ వరుస ఏ వీధి మధ్యలో తెగిందన్నదాన్ని బట్టే, ఆ వీధి తరఫున ఐదేళ్లపాటు ఎవరు మాట్లాడతారో తేలుతుంది. దానిపై అభ్యంతరం రాసివ్వడం చిన్న పనిలా కనిపించవచ్చు. చట్టాన్ని విప్పి చూస్తే, గ్రామీణ ఓటరుకు అంతకుమించిన దారి దాదాపు లేదు.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాంతో చేరిన 243సి అధికరణం ప్రకారం పంచాయతీలోని ప్రతి వార్డులోనూ జనాభాకు, సీటుకు మధ్య నిష్పత్తి సాధ్యమైనంత మేరకు ఒకేలా ఉండాలి. అదే సవరణతో వచ్చిన 243ఓ మాత్రం నియోజకవర్గాల విభజన చట్టాల చెల్లుబాటును కోర్టుల్లో ప్రశ్నించకుండా అడ్డుగోడ కట్టింది. ఉత్తరప్రదేశ్‌లో గ్రామ ప్రధానుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు 1995లో ఈ గోడ ఎత్తెంతో చెప్పింది. విభజనకు ముందు అభ్యంతరాలు కోరలేదు, వినలేదు అన్న కారణం తప్ప మరే కారణంతోనూ దాన్ని సవాలు చేయడానికి వీల్లేదు. ఎన్నికల నోటిఫికేషన్ వెలువడిందంటే ఆ కారణం కూడా చెల్లదు.

బర్డోలీ శాసనసభ స్థానం రిజర్వేషన్‌పై గుజరాత్ నుంచి వచ్చిన కేసులో 2024లో అదే న్యాయస్థానం కొంత వెసులుబాటు ఇచ్చింది. విభజన ఉత్తర్వు స్పష్టంగా నిరంకుశంగా ఉండి రాజ్యాంగ విలువలకు పొసగకపోతే కోర్టులు పరిశీలించవచ్చని చెప్పింది. అయితే అది శాసనసభ స్థానాలకు సంబంధించిన 329 అధికరణం కింద నడిచిన వ్యవహారం, పంచాయతీల 243ఓ కింద కాదు. పైగా నాలుగు ఇళ్లు పక్క వార్డులో కలిశాయని ఒక కూలీ హైకోర్టు దాకా వెళ్లగలడా? అతనికి అందుబాటులో ఉన్నది గడువులోగా ఇచ్చే కాగితమొక్కటే.

ఆ నాలుగు ఇళ్లకే అంత విలువ ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. 1,800 జనాభా, 11 వార్డులు ఉన్న ఊరిని ఉదాహరణగా తీసుకుందాం. ఒక్కో వార్డుకు వచ్చేది 164 మంది. అందులో ఓటర్లు ఇంకా తక్కువ కాబట్టి పది ఓట్లు అటూ ఇటూ అయితే గెలుపు తారుమారవుతుంది. ఆ ఊరి ఎస్సీ వాడలో 300 మంది ఉన్నారనుకుంటే, వాడను కలిపి ఉంచితే దాదాపు రెండు వార్డులు వాళ్లవే. నాలుగు వార్డుల్లోకి చీలిస్తే ఒక్కో చోట 75 మందే మిగిలి, ఎక్కడా సగానికి చేరరు. ఎస్సీల నిష్పత్తి ఎక్కువగా ఉన్న వార్డులకే వాళ్ల రిజర్వేషన్ వర్తించే పద్ధతిలో, చీలిన వాడ తన బలాన్నే కాక తన సీటునూ పోగొట్టుకోవచ్చు. అంకెల్లో మాత్రం అన్ని వార్డులూ సమానంగానే కనిపిస్తాయి! అంకెలు సరిపోయాయి కాబట్టి న్యాయం జరిగిందనే వాదన ఇక్కడ నిలవదు.

వార్డు మెంబరు పదవి పేరుకేనని తేలిగ్గా తీసేసేవాళ్లూ ఉన్నారు. కానీ ఉప సర్పంచ్‌ను ఎన్నుకునేది ఈ మెంబర్లే, తమలోంచే. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టమైతే చెక్కుల మీద సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్ సంతకాన్నీ తప్పనిసరి చేసింది. మురికికాలువ ఏ బజారుకు ముందు వస్తుందన్నది ఆ సంతకాల దగ్గరే తేలుతుంది.

అభ్యంతరానికి దూరమూ ఒక కారణమే. తండాలకు, గూడేలకు పెద్ద ఊరి పాలన అందడం లేదన్న చిరకాల డిమాండ్‌తోనే తెలంగాణ 2018లో వేల కొత్త పంచాయతీలను ఏర్పాటు చేసింది. దాంతో రాష్ట్రంలోని పంచాయతీల మొత్తం 12,751కి చేరింది. వాగు అవతలి మజరాను ఇవతలి బజారుతో కలిపి ఒకే వార్డు చేసినప్పుడు అదే పాత బాధ ఊరి లోపలే మళ్లీ పుడుతుంది.

ఇలాంటి గోడు చెల్లుతుందనడానికి స్కాట్లాండ్‌లో నిదర్శనం ఉంది. క్లైడ్ సముద్రపాయలోని ఆరాన్ దీవి 2017 ఎన్నికల్లో ప్రధాన భూభాగంలోని ఆర్డ్రోసన్ రేవు పట్టణంతో కలిసి ఒకే వార్డుగా ఉండేది. దీవులకు ఒకే సభ్యుడున్న వార్డు ఏర్పాటు చేసుకునే వీలును 2018 దీవుల చట్టం కల్పించింది. దాంతో 2022లో ఆరాన్ సొంత వార్డుగా ఓటేసింది. ఆ చట్టం కింద జరిగిన వార్డుల సమీక్షలోనే హైలాండ్, ఆర్గైల్ అండ్ బ్యూట్ ప్రాంతాలకు ప్రతిపాదించిన మార్పులను స్కాట్లాండ్ పార్లమెంటు తిరస్కరించింది. జనం తగ్గిపోతున్న పల్లెలకు ప్రాతినిధ్యాన్నీ తగ్గించడం సరికాదన్న అభ్యంతరం అందుకు తోడ్పడింది. ఆ రెండు చోట్లా పాత వార్డులతోనే ఎన్నికలు జరిగాయి.

‘మాకు అన్యాయం జరిగింది’ అన్న ఒక్క వాక్యంతో ఇచ్చే అర్జీని పక్కన పెట్టడం అధికారికి సులువు. ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా తప్పు పడింది, వాటిని ఏ వార్డులో కలపాలి, అలా కలిపితే రెండు వార్డుల జనాభా ఎంతవుతుంది అన్న మూడు సంగతులూ రాసిన అర్జీకి జవాబు చెప్పక తప్పదు. ‘సాధ్యమైనంత మేరకు’ అన్న రాజ్యాంగ పదబంధం ఇక్కడే అక్కరకొస్తుంది. పది మంది తేడాను భరించి అయినా వీధిని నిలువునా చీల్చకుండా ఉండవచ్చని వాదించే చోటు అది కల్పిస్తోంది. అర్జీకి పంచాయతీ కార్యదర్శి ఇచ్చే రసీదును భద్రంగా దాచుకోవాలి. వినలేదని రేపు నిరూపించాల్సి వస్తే ఆధారం అదే.

అన్నిటికంటే కలవరపరిచేది గడువు. పాలమూరు నుంచో అనంతపురం నుంచో పనులకు వలస వెళ్లిన కుటుంబం నోటీసు బోర్డు చూసేదెప్పుడు? చాటింపు వేయించి, గ్రామసభలో ముసాయిదాను పైకి చదివి, అచ్చు ప్రతిని ప్రతి వాడలోనూ అంటించి, వలస వెళ్లినవాళ్లకు ఫోన్‌లో పంపడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఈ జాగ్రత్తల అవసరం ముందుముందు ఇంకా పెరుగుతుంది. రాజ్యాంగం లెక్కలోకి తీసుకునేది చివరిగా ప్రచురితమైన జనగణన అంకెలనే కాబట్టి, వార్డులకు ఇప్పటికీ 2011 లెక్కలే ఆధారం. వచ్చే జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. ఆ అంకెలు వెలువడ్డాక, గత పదిహేనేళ్లలో ఊరి చివర లేచిన కాలనీలన్నీ కొత్త ముసాయిదాల్లోకి వస్తాయి, అదే నోటీసు బోర్డు మీదికి.