నీలం రంగు ‘ఈ’ కథ

ఆడిటరు గారి ఆఫీసులోనో, ఈ-టెండర్లు వేసే కాంట్రాక్టరు గదిలోనో ఓ మూల పాత కంప్యూటరు ఒకటి ఉండేది. దాని జోలికి ఎవరూ వెళ్లకూడదు, అప్‌డేట్ అసలే చెయ్యకూడదు. డిజిటల్ సంతకం పడాలంటే అదే దిక్కు. నీలం రంగు ‘ఈ’ బొమ్మ నొక్కి, పోర్టల్ తెరిచి, యూఎస్‌బీ టోకెన్ గుచ్చి, దేవుణ్ణి తల్చుకునేవారు. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను సాగనంపితే ఇళ్లలో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. కంగారుపడింది ఆ మూల కంప్యూటరు ఉన్నవాళ్లే.

ఆ కంగారు మూలాలు ఎక్స్‌ప్లోరర్ పుట్టుకలోనే ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ దాన్ని మొదటి నుంచీ సొంతంగా రాసుకోలేదు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన మొజాయిక్ బ్రౌజర్‌ను స్పైగ్లాస్ అనే కంపెనీ ద్వారా లైసెన్సుకు తీసుకుని, 1995 ఆగస్టులో తొలి ఎక్స్‌ప్లోరర్‌ను విడుదల చేసింది. స్పైగ్లాస్‌కు రాయల్టీ అనుకున్నారు. తీరా మైక్రోసాఫ్ట్ సరుకును ఊరికే పంచిపెట్టడం మొదలెట్టింది. అమ్మకమే లేని చోట రాయల్టీ ఎక్కడిది? 1997లో 80 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. డబ్బు పెట్టి కొనాల్సిన నెట్‌స్కేప్ బ్రౌజర్ ఈ ఉచితం ముందు నిలవలేకపోయింది. ఈ గుత్తాధిపత్యంపై 1998లో అమెరికా ప్రభుత్వం కోర్టుకెక్కే నాటికి జరగాల్సింది చాలావరకు జరిగిపోయింది.

వ్యాపారాల మెడకు ఉరి బిగించింది మాత్రం ఈ పోరు కాదు, 1996లో మూడో వెర్షన్‌తో వచ్చిన యాక్టివ్‌ఎక్స్. వెబ్‌సైటు పంపిన చిన్న ప్రోగ్రామును మన కంప్యూటర్లో దించి, అసలు సాఫ్ట్‌వేర్‌కు ఉన్నంత అధికారమూ దానికి కట్టబెట్టే ఏర్పాటది. టోకెన్ చదువుతుంది, ప్రింటరును కదిలిస్తుంది, ఫైళ్లు తెరుస్తుంది. ఆఫీసులకు ఇంతకన్నా ఏం కావాలి? దొంగలకూ అదే కావాలి, అది వేరే సంగతి.

దక్షిణ కొరియా ఇందులో నిండా మునిగింది. అమెరికా గట్టి ఎన్‌క్రిప్షన్ ఎగుమతిని కట్టడి చేసిన రోజుల్లో కొరియా వాళ్లు 128 బిట్ల ఎన్‌క్రిప్షన్ పద్ధతి ‘సీడ్’ను సొంతంగా తయారుచేసుకున్నారు. దాన్ని బ్రౌజర్లోకి ఎక్కించడానికి యాక్టివ్‌ఎక్స్‌ను వాడుకున్నారు. ఇక బ్యాంకు పనైనా, ప్రభుత్వ పనైనా ఎక్స్‌ప్లోరర్ లేనిదే జరగని స్థితి ఏళ్ల తరబడి సాగింది. ఈ చిక్కు వల్లే ఓ టీవీ సీరియల్లో హీరోయిన్ వేసుకున్న కోటును విదేశీయులు కొనలేకపోతున్నారని 2014లో సాక్షాత్తూ దేశాధ్యక్షురాలే వాపోయారు.

మైక్రోసాఫ్ట్ చేసిన మరో తప్పు, ఊరుకోవడం. 2001లో ఆరో వెర్షన్ వచ్చాక పోటీ లేదన్న ధీమాతో అయిదేళ్లపాటు కొత్త వెర్షనే తేలేదు. ఆ అయిదేళ్లలో కంపెనీలు తమ లోపలి సాఫ్ట్‌వేర్లను దాని వంకర్లకు తగ్గట్టే కుట్టించుకున్నాయి. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ వచ్చి వంకర లేని బట్ట చూపించేసరికి, కుట్టిన దర్జీలు ఉద్యోగాలు మారిపోయారు.

అందుకే 2021 మేలో, పదమూడు నెలల ముందుగా, మైక్రోసాఫ్ట్ ఈ వీడ్కోలు కబురు చెప్పినా పని తేలిగ్గా తెమల్లేదు. బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు మైక్రోసాఫ్ట్ కొత్త బ్రౌజర్ ఎడ్జ్‌లోకి తెచ్చుకోవడం పూటలో అయ్యే పని. అసలు తిప్పలు జాబితా దగ్గర. ఏ సైట్లు పాత బ్రౌజర్‌తోనే నడుస్తాయో ఐటీ వాళ్లకు పూర్తిగా తెలియదు. అకౌంట్స్ గుమాస్తాను, స్టోర్స్ ఇన్‌చార్జిని కూర్చోబెట్టి అడగాలి. రోజూ తెరిచేది ఎలాగూ గుర్తుంటుంది. మార్చి నెలాఖరున ఒక్కసారి తెరిచే ఫారమే జాబితాలోంచి జారిపోతుంది.

జాబితా తేలాక ఆ సైట్లను ఎడ్జ్‌లోని ‘ఐఈ మోడ్’కు అప్పగించవచ్చు. అంటే ఎక్స్‌ప్లోరర్ పూర్తిగా పోలేదన్నమాట. కొరియాలోని గ్యోంగ్జూలో ఓ ఇంజనీరు డబ్బు ఖర్చు పెట్టి ఎక్స్‌ప్లోరర్‌కు సరదాగా సమాధిరాయి నిలబెట్టాడు. రాయి కింద మాత్రం ఎవరూ లేరు. ఎక్స్‌ప్లోరర్‌ను నడిపిన పాత ఇంజనే ఐఈ మోడ్ పేరుతో ఎడ్జ్ ఇంట్లో అద్దెకుంటోంది. కనీసం 2029 వరకు ఖాళీ చేయించబోమని మైక్రోసాఫ్ట్ మాట ఇచ్చింది.