పెళ్ళాం జోకులకి పెళ్ళాం నవ్విందా?

నరసాపురం నుంచి ఇంకో హిస్టరీ ఎపిసోడ్. ఈసారి రాజులు, యుద్ధాలు లేవు. మొగుడూ పెళ్ళాల మధ్య నవ్వు గురించి మాట్లాడుకుందాం. ఫ్యామిలీ గ్రూపుల్లో రోజూ పెళ్ళాం జోకులొస్తాయి. అందరూ నవ్వే ఎమోజీలు పెడతారు. మరి ఆ పెళ్ళాం నవ్విందా?

ముందు పాత పెళ్ళిళ్ళ సంగతి చూద్దాం. 1929 శారదా చట్టం పెళ్ళికి ఆడపిల్లకి కనీసం 14 ఏళ్ళు, మగపిల్లాడికి 18 ఏళ్ళు ఉండాలంది. అంటే అప్పటిదాకా ఇంకా చిన్నపిల్లలకే చేసేసేవారన్నమాట. ఒకరికొకరు పెద్దగా తెలియని ఇద్దరి మధ్య బెరుకు పోగొట్టడానికి పెళ్ళిలో ఆటలుండేవి. బంతులాట, బిందెలో ఉంగరం తీయడం, గడప దగ్గర ఆడపడుచు అడ్డం నిలబడి పేర్లు చెప్పించడం. భర్త పేరు పలకకూడదనే రోజుల్లో, ఆ గడప మీద మాత్రం ఆ పిల్ల చేత పలికించేవారు. అబ్బాయి కూడా ఆమె పేరు చెప్పాల్సిందే. సిగ్గూ ఇద్దరిదే, నవ్వూ ఇద్దరిదే.

గడప దాటాక లెక్క మారిపోయేది. ఆమె నోట 'ఏమండీ', అతని నోట 'ఏమేవ్'. వెక్కిరించే హక్కు ఎక్కువగా ఒకవైపే ఉండేది.

ఆ లెక్కని కథల్లో తిరగేసినాయన మునిమాణిక్యం నరసింహారావు (1898-1973). వృత్తికి బడిపంతులు. ఆయన 'కాంతం కథలు'లో కథ చెప్పేది భర్త. చాలాసార్లు మాటల పోటీలో గెలిచేది కాంతం. తను ఓడిపోయిన సంగతి ఆ భర్తే మనకి ముచ్చటగా చెప్తాడు.

ఇలా తనమీద తనే నవ్వుకోవడం మన ఏరియాకి బాగా తెలుసు. పక్కనున్న మొగల్తూరు కుర్రాడిగా మొక్కపాటి నరసింహశాస్త్రి రాసిన 'బారిష్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లో వచ్చింది. పార్వతీశం తన అమాయకత్వాన్ని ఊరందరికీ చెప్పి నవ్విస్తే, కాంతం మొగుడు అదే పని సంసారంలో చేశాడు.

ఇక సైన్స్. 2003లో కెనడా సైకాలజిస్ట్ రాడ్ మార్టిన్ టీమ్ హాస్యాన్ని నాలుగు రకాలుగా విడగొట్టింది. మనుషుల్ని దగ్గర చేసేది ఒకటి, ఎదుటివాళ్ళని గుచ్చేది ఇంకొకటి. ఆ తర్వాత జంటల మీద జరిగిన స్టడీస్‌లో మొదటి రకం ఉన్నచోట సంతృప్తి ఎక్కువగా, రెండో రకం ఉన్నచోట తక్కువగా కనిపించింది.

అందుకే 'ఎంత నవ్వుతున్నారు' అని కాదు, 'ఎవరిమీద నవ్వుతున్నారు' అని చూడాలి. "జోకేశాను, సీరియస్ అవుతావేంటి?" అని మొగుడు అంటున్నాడంటే, అక్కడ నవ్వింది ఒక్కరే. గడప మీద పేర్లు చెప్పినప్పుడు మాత్రం ఇద్దరూ నవ్వారు కదా.

ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.