చెయ్యి చేసుకున్నదెవరు? ఆరణి ఏటి ఒడ్డు తెలుగులో గృహహింస

ఆంధ్రలో పుట్టిన ఆరణి ఏరు సురుటుపల్లి, ఊత్తుకోట దాటి, ఆరణి మీదుగా పులికాటు వైపు సాగుతుంది. పక్కనున్న తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న, సరిహద్దు తగవుపై వచ్చిన పటాస్కర్ తీర్పు మేరకు, చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. బడి, కచేరీ తమిళమయ్యాయి. చాలా ఇళ్ళలో మాత్రం తెలుగే నిలిచింది. ఆలిని కొట్టడం గురించి ఆ తెలుగు ఎలా మాట్లాడుతుందన్నదే ఇక్కడి పరిశీలన.

"చెయ్యి చేసుకున్నాడు" అంటారు. "ఇద్దరూ దెబ్బలాడుకున్నారు" అంటారు. మొదటి మాటలో దెబ్బ కనబడదు. రెండోదాంట్లో కొట్టినవాడు కనబడడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్న సామెత నొప్పిని పక్కకు నెట్టి పరువును ముందుకు తెస్తుంది. మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కిందన్న మరో సామెతలో ఫిర్యాదుకు వెళ్ళిన ఆడదే గయ్యాళి. మొగసాలకెక్కిన మగవాడి మీద అంత పేరుమోసిన సామెత వెతికినా దొరకదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింసకు గురయ్యామని చెప్పిన 18-49 ఏళ్ళ వివాహితలు తమిళనాడులో 38.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. అదే సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనన్న స్త్రీలు ఆంధ్రలో 83.6 శాతం! సబబనుకున్న దెబ్బను ఎంతమంది హింసగా లెక్క చెప్పి ఉంటారు? అందుకే 30 అన్న అంకెను చూసి ఊరట చెందడం తొందరపాటు.

దేశం మొత్తమ్మీద స్త్రీలు ఎక్కువగా ఒప్పుకున్న కారణం అత్తమామలను గౌరవించకపోవడం. మేనరికాలు తక్కువేమీ కాని ఈ సీమలో దాని బరువు వేరు. మేనమామను చేసుకున్న పిల్లకు అత్త అంటే అమ్మమ్మే. పుట్టింటికి పరుగెత్తి చెప్పుకున్నా, అక్కడ వినే తల్లి కొట్టినవాడి అక్కో చెల్లెలో.

మార్పు ఒక్కోసారి పక్కదారిన వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. మొగుడి తాగుడు, దాని వెంట తన్నులు, ఇంటి గుట్టుగా ఉన్నవి వీధిలోకొచ్చాయి; 1993 అక్టోబరు 1న ఆంధ్రలో సారా నిషేధమైంది. ఆ 1992లోనే చెన్నై థౌజండ్ లైట్స్‌లో తమిళనాడు తొలి మహిళా పోలీస్ స్టేషన్ తెరుచుకుంది.

2006 అక్టోబరు 26న అమల్లోకొచ్చిన గృహహింస చట్టం తిట్టును, డబ్బివ్వకపోవడాన్ని, ఇంట్లోంచి గెంటెయ్యడాన్ని కూడా హింస కిందే లెక్కగట్టింది. కాపురమున్న ఇల్లు అత్తమామల పేర ఉన్నా కోడలు అక్కడ నివాసహక్కు కోరవచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ చట్టం కింద రక్షణాధికారి నింపే ఒకటో నమూనా పత్రం ఉంటుంది. మగబిడ్డను కనలేదన్న ఎత్తిపొడుపుకూ, ఇంట్లో ఫలానా గదిలోకి రానివ్వకపోవడానికీ అందులో చోటుంది. ఆరణి నుంచి వచ్చినామె "చెయ్యి చేసుకున్నాడు సార్" అని ఊరుకుంటే ఆ పత్రం నిండదు. ఏ తేదీన, ఏ వేళ, ఎక్కడ అని అడుగుతుంది. దాని పక్క గడిలో, హింసించిన మనిషి ఎవరో రాయాలి.